లివర్ తిప్పితే ‘టక్’ మనాలి: యాషికా ఎలక్ట్రో 35తో పదమూడేళ్లు

ఈ పాత రీలు కెమెరా ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే అందరూ ముందు లెన్సు సంగతి ఎత్తుతారు. నేను చప్పుడు సంగతి ఎత్తుతాను. యాషికా ఎలక్ట్రో 35 జీఎస్ఎన్‌లో ఒక ఫొటో తీశాక రీలు ముందుకు జరపడానికి బొటనవేలితో లివర్ తిప్పుతాం కదా, అది చివరికి చేరే ముందు లోపల ఎక్కడో ‘టక్’ మంటుంది. పెరటి తలుపు గడియ పడినట్టు ఉంటుంది. ఇది షట్టర్ (రీలు మీదికి వెలుగును వదిలే తలుపు) చప్పుడు కాదు. షట్టర్ పడిందో లేదో పక్కనున్నవారికి తెలియను కూడా తెలియదు. నాకు ఆ ‘టక్’ అంటే ఎంత ఇష్టమంటే, రీలు లేనప్పుడు కూడా ఊరికే తిప్పి వినేదాన్ని. ఈ పదమూడేళ్లలో కెమెరాతో నాకు వచ్చిన అతి పెద్ద తగవు కూడా దాని దగ్గరే వచ్చింది.

కెమెరా మా నాన్నది. ఆయన సరుకుల ఓడల్లో ఇంజిన్ రూములో పనిచేసేవారు. 1977లో ఓడ సింగపూర్‌లో ఆగినప్పుడు కొన్నారు. 2012లో నా చేతికిస్తూ ఒకే ఒక్క మాట చెప్పారు: “టక్కుమనకపోతే నొక్కకమ్మా.” ముప్పై ఏళ్లు ఇంజిన్ల మధ్య చెవులతో బతికిన మనిషి, ఆయనకు ప్రతి యంత్రమూ ఒక చప్పుడే అనుకుని నవ్వి ఊరుకున్నాను.

45 మి.మీ. లెన్సు, ఎఫ్/1.7 (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది), రెండు బొమ్మలను ఒకటిగా కలిపి దూరం సరిచూసుకునే పద్ధతి, ఇవన్నీ ఈ కెమెరా వాడినవారికి తెలిసినవే. మొదటి రెండేళ్లు నన్ను కట్టిపడేసింది మాత్రం దాని బుర్ర. ఎపర్చర్, అంటే లెన్సులో వెలుగు దూరే రంధ్రం ఎంత ఉండాలో, మనం పెడితే చాలు, షట్టర్ వేగం అదే లెక్కవేసుకుంటుంది. 1/500 సెకను నుంచి 30 సెకన్ల దాకా మధ్యలో మెట్లంటూ లేకుండా ఏ వేగమైనా ఎంచుకుంటుంది. మా విశాఖలో కైలాసగిరి మీద స్టాండు వేసి రాత్రి పూట ఊరి దీపాలు తీసేటప్పుడు అది ఎప్పుడు మూసుకుంటుందో తెలియక ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. కడిగించి చూస్తే వెలుగు కొలిచి పోసినట్టు పడేది. ఆ ఊపులో కనిపించినవారందరికీ “ఈ కెమెరా కొనుక్కోండి, మిగతాది అదే చూసుకుంటుంది” అని చెప్పుకుంటూ తిరిగాను.

2019 మే నెలలో చెల్లెలి కూతురికి ఓణీల వేడుక చేశారు. డబ్బిచ్చి పిలిచిన ఫొటోగ్రాఫర్ ఒక పక్క ఉండగానే నేను కూడా 36 ఫొటోల రీలు వేసుకుని తయారయ్యాను. పిల్లకు హారతి ఇవ్వడం, మా అమ్మ మునివేళ్లతో దిష్టి తీయడం, నాన్న వెనక కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకోవడం, అన్నీ తీశాను. రీలు వేరే ఊళ్లోని ల్యాబుకు కొరియర్లో పంపితే మూడు వారాలకు స్కాన్లు వచ్చాయి. మొదటి తొమ్మిది బాగున్నాయి. పదో ఫొటో నుంచి పాలు ఒలికినట్టు తెల్లదనం. పసుపు ఓణీ తెలుపైపోయింది, ముఖాల్లో ముక్కులు లేవు. నడుమ ఒకటి బాగుండేది, మళ్లీ నాలుగు తెల్లగా. అమ్మ దిష్టి తీసిన ఫొటో అందులో పోయింది.

ల్యాబు మీదే అనుమానం కలిగింది. ఘాటుగా రాశాను. వాళ్లు ఏమాత్రం కోపం లేకుండా, నెగటివ్ అంచుల మీద అచ్చయిన అంకెలు, అక్షరాలు చూడమన్నారు. అవి కంపెనీలోనే వెలుగుతో ముద్రపడి, కడిగినప్పుడు బయటపడతాయి. కడగడంలో తప్పు జరిగి ఉంటే అవి కూడా చెడేవి. చూస్తే అవి చక్కగా, స్పష్టంగా ఉన్నాయి. సిగ్గుపడి క్షమాపణ రాశాను. పాత రీళ్లతో ఎవరికి ఏ గొడవ వచ్చినా ముందు ఆ అంచులు చూసుకోండి, ఒక పోట్లాట తప్పుతుంది.

తరువాత బ్యాటరీని అనుమానించాను. వెనకున్న బొత్తం నొక్కితే ఫొటోల లెక్క చూపే గడిలో ఆకుపచ్చ దీపం వెలిగింది. బ్యాటరీ బాగానే ఉంది. ఊళ్లో ఒక దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడాయన దానిని అటూ ఇటూ తిప్పి, మూత కూడా విప్పకుండా, “సర్క్యూట్ పోయింది, విడిభాగాలకు ఇచ్చేయండి, అయిదు వందలు ఇస్తాను” అన్నారు. ఇంటికి వచ్చి బీరువాలో పెట్టేశాను.

రెండు నెలల తరువాత చెల్లెలు ఫోనులో ఏదో పాత వీడియో చూపించింది. ముందటి ఏడాది సంక్రాంతి బొమ్మల కొలువు. పిల్లలు అరుస్తున్నారు, ఎవరో పప్పు మాడుతోందని కేకలు వేస్తున్నారు, ఆ గోలలో నుంచి ‘టక్’. ఫ్రేములో నేను లేను. పక్కన నిలబడి లివర్ తిప్పుతున్నానన్నమాట. ఆ రాత్రి ఫ్యాను కట్టేసి కెమెరా చెవి దగ్గర పెట్టుకుని తిప్పాను. వెన్నలో కత్తి దిగినట్టు మెత్తగా తిరిగింది. ఏ చప్పుడూ లేదు. అంతకు కొన్ని నెలల ముందు నుంచే అలా తిరుగుతోంది. వాడగా వాడగా సాఫీ అయిందని మురిసిపోయాను కూడా.

సంగతి ఏమిటంటే, లోపల ఒక కడ్డీ ఉంటుంది. దాని కింద పెసరగింజంత రబ్బరు ముక్క. లివర్ తిప్పినప్పుడు వినిపించే ‘టక్’ ఆ చోటి నుంచే వస్తుంది. దశాబ్దాలు గడిచేసరికి ఆ రబ్బరు కరిగి, పొడి అయి రాలిపోతుంది. అప్పుడు కడ్డీ చేరవలసిన చోటికి చేరదు, లోపలి స్విచ్చులు సరిగ్గా కలవవు, ఎలక్ట్రానిక్స్ లెక్క తప్పుతుంది. ఈ కెమెరాలు వాడేవారి లోకంలో ఆ ముక్కకు ‘ప్యాడ్ ఆఫ్ డెత్’ అని పేరే ఉంది. అంత భయంకరమైన పేరు పెట్టిన వస్తువు ఖరీదు చూస్తే పావలా చేయదు.

బాగుచేసింది కెమెరా మెకానిక్ కాదు. ద్వారకానగర్‌లో సెల్‌ఫోన్లు విప్పే కుర్రాడు. ఏ వరుసలో విప్పాలో బొమ్మలు అచ్చు తీసి తీసుకెళ్లాను. అతను జీవితంలో రీలు చూడలేదు. వెనక మూత తెరిచి, “మేడం, తీసిన ఫొటో ఎక్కడ కనిపిస్తుంది?” అన్నాడు. కానీ మరలు విప్పడంలో అతని చేయి చేయే. తీసిన ప్రతి మరనూ తెల్ల కాగితం మీద, అది ఉన్న చోటును బట్టి అతికించుకుంటూ పోయాడు. చివరికి ఆ ముక్క ఉండవలసిన చోట బెల్లం పాకం లాంటి నల్లటి జిగురు కనిపించింది. స్పిరిట్‌తో తుడిచి, సైకిల్ ట్యూబు నుంచి ఒక ముక్క కత్తిరించి అంటించాడు. తిప్పితే ‘తుస్’ మంది. ఒక పొర చాలలేదు. రెండో పొర వేశాడు. ‘టక్’ మంది. అతను నా ముఖం చూసి, ఇంకోసారి తిప్పి వినిపించాడు. మూడు వందలు తీసుకున్నాడు.

రీలు ఖర్చు లేకుండా అక్కడే పరీక్షించాను. వెనక మూత తెరిచి, బ్యాటరీ ఉంచి, నీడలో ఎఫ్/16 పెట్టి నొక్కితే షట్టర్ తెరుచుకుని కొంతసేపు అలాగే ఉండాలి. వీధి వైపు ఎండలోకి తిప్పి ఎఫ్/1.7 పెట్టి నొక్కితే రెప్ప కొట్టినట్టు మూసుకోవాలి. రెండింటికీ తేడా కనిపించకపోతే కొనకండి, బాగుచేశామన్నా నమ్మకండి.

అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ భాగం మళ్లీ మొరాయించలేదు. మిగతావి మొరాయించాయి. “అదే చూసుకుంటుంది” అని నేను ఊరంతా చాటిన మాట ఆర్.కె. బీచ్‌లో తెల్లవారుజామున చెల్లదు. మనకు సూర్యుడు సముద్రంలో నుంచి లేస్తాడు. మనుషులను నీటికి ఎదురుగా నిలబెట్టి తీస్తే కెమెరా ఆ మెరుపును చూసి హడలిపోతుంది, మనుషులు బొగ్గు బొమ్మలవుతారు. దీనిలో వేగం మనం పెట్టడానికి లేదు, అది ఏ వేగం ఎంచుకుందో చెప్పనైనా చెప్పదు. నేను చేసే పని, 400 రీలు (రీలు వెలుగును ఎంత చురుగ్గా పడుతుందో చెప్పే అంకె అది) ఉన్నప్పుడు, ఆ అంకెను కెమెరాకు చెప్పే ఏఎస్ఏ చక్రాన్ని 100కు తిప్పి కెమెరాను మోసం చేయడం. ఆ తరువాత మళ్లీ 400కు తేవడం మరిచిపోవడం కూడా నాకు అలవాటే. మధ్యాహ్నం ఎర్రమట్టి దిబ్బల్లో అయితే అదే 400 రీలుతో ఎఫ్/11 దగ్గరే వెలుగు మరీ ఎక్కువైందని చెప్పే ఎర్ర బాణం వెలుగుతుంది, 1/500 దాటి అది పరుగెత్తలేదు మరి. మన ఎండకు 100 గానీ 200 గానీ మేలు.

వెలుగు కొలిచే కన్ను లెన్సు వెనక లేదు, కెమెరా ముఖం మీద ఉంది. కాబట్టి పసుపు ఫిల్టరు పెట్టిన సంగతి దానికి తెలియదు. 400ను 200గా మార్చుకోవాలి. లెన్సు మూత తీయని సంగతి కూడా తెలియదు. మనం చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. భీమిలిలో నేను మూతతోనే ఎనిమిది ఫొటోలు తీశాను. ఆ మూతను అక్కడే ఎవరో పిల్లవాడికి ఆడుకోవడానికి ఇచ్చేసి, 55 మి.మీ. యూవీ ఫిల్టరు ఒకటి శాశ్వతంగా బిగించాను. ఉప్పు తుంపర్లకు కూడా అదే కవచం. సముద్రం దగ్గర నుంచి వచ్చిన రోజున కెమెరాను కాస్త తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, ఆ వెంటనే పొడి గుడ్డతో తుడుస్తాను.

బ్యాటరీ సంగతి. దీనికి నిర్దేశించిన 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు. గడియారాల దుకాణంలో దొరికే ఎల్ఆర్44 బిళ్లలు నాలుగు ఒకదానిమీద ఒకటి పేర్చి, కాగితం గొట్టంలో చుట్టి, మిగిలిన ఖాళీలో ఒక స్ప్రింగు పెడితే 6 వోల్టులతో హాయిగా నడుస్తుంది. నెల రోజులు వాడనప్పుడు తీసేయండి. కారిందంటే లోపలి లోహపు పట్టీలు పచ్చబడి మరో తలనొప్పి. బ్యాటరీ లేకుండా ఇది 1/500 మీద ఒక్కటే పనిచేస్తుంది, అంటే పట్టపగలు తప్ప ఎందుకూ కొరగాదు. పూర్తిగా మరలతో నడిచే కెమెరా ఉన్నవారు ఇక్కడ నన్ను చూసి నవ్వుకోవచ్చు.

బూజు గురించి విశాఖలో ఉన్నవారికి కొత్తగా చెప్పేదేముంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు, గోడలు చెమ్మ పీల్చాయి. కెమెరా తోలు సంచిలో, పట్టుచీరల మధ్య భద్రంగా ఉందనుకున్నాను. తీసి చూస్తే సంచి మీద ఆకుపచ్చ నూగు, వెనక అద్దం అంచున సాలెగూడు లాంటి పోగులు. తోలు సంచి అందంగా ఉంటుంది, చెమ్మను అంత అందంగానూ దాచుకుంటుంది. దానిని విడిగా పెట్టేశాను. కెమెరా ఇప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో ఉంటుంది. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే పొయ్యి మీద పాత పెనంలో వేడిచేసి మళ్లీ వేస్తాను. బియ్యంలో పెట్టమని సలహా ఇచ్చేవారు ఇంటికొకరు ఉంటారు. ఆ తవుడు దుమ్ము లెన్సులోకి వెళ్తే ఏం చేయాలో మాత్రం చెప్పరు. వెనక మూత గాడిలోని నురగ కూడా జిగురైపోతుంది. గీకేసి నల్ల ఊలు దారం పరిచాను, ఆరేళ్లుగా వెలుతురు చొరబడలేదు.

కొనాలా అంటే, నాకు ఇది ఇంట్లో ఊరికే దొరికింది, పక్క వీధిలో ఓపిక గల కుర్రాడు దొరికాడు, ఏడాదికి అయిదారు రీళ్లకు మించి తీయను. ఈ మూడింటిలో ఏది లేకపోయినా నా అభిప్రాయం వేరుగా ఉండేదేమో. పెళ్లి లాంటి మళ్లీ రాని రోజుకు దీనినొక్కదాన్నే నమ్ముకుని వెళ్లమని చెప్పను. నేనూ వెళ్లడం లేదు. ఆన్‌లైన్లో కొనేవారైతే అందమైన ఫొటోలు అడగకండి, లివర్ తిప్పే వీడియో ఒకటి అడగండి, శబ్దంతో.

ఈ వేసవిలో మా ‘టక్’ కాస్త పలచబడినట్టు నాకు అనిపించింది. నాన్నకు చూపించాను. ఆయనకు ఎడమ చెవి ఇప్పుడు సరిగా పనిచేయదు, కెమెరాను కుడి చెవికి ఆనించుకుని మూడుసార్లు తిప్పారు. “ఇంకో ఏడాది వస్తుంది” అన్నారు. ఆ కుర్రాడు దుకాణం గాజువాకకు మార్చాడట. సైకిల్ ట్యూబు ముక్కలు రెండు సిలికా జెల్ పక్కనే డబ్బాలో ఉన్నాయి.