జావా సర్వ్‌లెట్ కిట్ అని 7,500 తీసుకున్నారు, నెల్లూరు ఒంగోలు వాళ్లు కొనేముందు ఇది చదవండి

అన్నలూ అక్కలూ, జావా కొత్తగా నేర్చుకుంటా కిట్లు, మెటీరియల్ కొనాలనుకునే వాళ్లు రెండు నిమిషాలు ఆగి ఇది చదవండి, నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నా.

మాది కావలి. బీసీఏ అయిపోయింది, సర్వ్‌లెట్లతో (అంటే బ్రౌజర్ అడిగినదానికి సర్వర్‌లో ఉండి జవాబిచ్చే జావా ప్రోగ్రాములు) చిన్న ప్రాజెక్టు చేసి నెట్‌లో పెడితే ఇంటర్వ్యూల్లో చూపించుకోవచ్చని మా సీనియర్ చెప్తే నెల్లూరు పోయి మద్రాసు బస్టాండ్ దగ్గర ఒక కంప్యూటర్ షాపులో కిట్ కొన్నా. పెన్‌డ్రైవ్, స్పైరల్ బుక్కు, ఏడాది హోస్టింగ్ (ప్రాజెక్టు నెట్‌లో పెట్టుకునే చోటు), నెల రోజులు ఫోన్ సపోర్టు, అన్నీ కలిపి 7,500. అమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బులు అవి. కంప్లైంట్ పెట్టి ఉన్నా కాబట్టి షాపు పేరు రాయడం లేదు, ఇట్లాంటి కిట్లే ఒంగోలులో కూడా అమ్ముతున్నారని ఫ్రెండ్ చెప్పాడు.

ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్‌లో ఉన్న టామ్‌క్యాట్ 10.1 వేసుకున్నా, సర్వ్‌లెట్లని నడిపే సర్వర్ అదే. లోకల్‌హోస్ట్ 8080 కొడితే పిల్లి బొమ్మ పేజీ వచ్చింది, ఎంత సంతోషమేసిందో. బుక్కులో మొదటి ప్రోగ్రామ్ అక్షరం పొల్లుపోకుండా టైప్ చేసి, వాళ్లిచ్చిన జార్ ఫైలుతో (సర్వ్‌లెట్ లైబ్రరీ) కంపైల్ చేస్తే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు, క్లాస్ ఫైల్ తీసుకెళ్లి వెబ్-ఇన్ఫ్ లోపల క్లాసెస్ ఫోల్డర్‌లో పెట్టి రీస్టార్ట్ చేసి బ్రౌజర్‌లో కొడితే 404, అంటే పేజీ దొరకలేదని. మూడు రోజులు అదే 404. స్పెల్లింగ్ తప్పేమోనని ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు.

షాపుకి ఫోన్ చేస్తే "నీ విండోస్ పాడైంది, ల్యాప్‌టాప్ తీసుకురా, ఫార్మాట్ కొడతాం" అన్నారు. మళ్లీ బస్సెక్కి పోయి ఇంకో 600 ఇచ్చి ఫార్మాట్ చేయించుకొచ్చినా అదే 404. చివరికి ప్రోగ్రామ్‌లో సర్వ్‌లెట్ అడ్రస్ చెప్పే అనొటేషన్ లైను తీసేసి, అదే అడ్రస్ మ్యాపింగ్ వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్ ఫైల్లో రాస్తే ఈసారి 500 (సర్వర్ లోపల ఎర్రర్) వచ్చింది, కింద రూట్ కాజ్‌లో జావాక్స్ సర్వ్‌లెట్ క్లాస్ దొరకలేదని ఉంది. అప్పుడు తెలిసింది అసలు సంగతి.

సర్వ్‌లెట్లు ఉండే జావా ఈఈని 2017లో ఒరాకిల్ వాళ్లు ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగించారు, కానీ జావా పేరు మీద హక్కు ఒరాకిల్ దగ్గరే ఉండిపోయింది, అందుకని దానికి జకార్తా ఈఈ అని పేరు మార్చారు, 2020లో జకార్తా ఈఈ 9 వచ్చినప్పుడు కోడ్‌లో రాసే ప్యాకేజీ పేరు కూడా జావాక్స్ నుంచి జకార్తాకి మారింది. టామ్‌క్యాట్ 9 దాకా పాత పేరు, 10 నుంచి కొత్త పేరు. నాకిచ్చిన బుక్కూ, జారూ పాతవి, సర్వరేమో కొత్తది. పాత అనొటేషన్ని టామ్‌క్యాట్ 10 అసలు పట్టించుకోదు, ఎర్రర్ కూడా చెప్పదు, అందుకే ఉత్త 404. అంటే అమ్మే ముందు వాళ్లు ఆ కిట్‌ని ఒక్కసారి కూడా రన్ చేసి చూసుకోలేదు. నాకు కోపం అక్కడే వచ్చింది.

ఇదే ఇబ్బందిలో ఉన్నోళ్లు డబ్బులు పెట్టకండి. ఇంపోర్ట్ లైన్లలో సర్వ్‌లెట్ ముందున్న జావాక్స్ తీసి జకార్తా అని రాసి, టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌లోనే ఉండే సర్వ్‌లెట్-ఏపీఐ జార్‌తో కంపైల్ చేయండి, నాకు పది నిమిషాల్లో పని అయిపోయింది. లేదంటే టామ్‌క్యాట్ 9 వేసుకోండి. పాత వార్ ఫైల్ (ప్రాజెక్టు మొత్తం ఒక్కటిగా కట్టిన ఫైలు) ఉంటే 10లో వెబ్‌యాప్స్-జావాఈఈ అని ఫోల్డర్ చేసి అందులో పడేస్తే అదే మార్చుకుంటుంది. టామ్‌క్యాట్ అపాచీ వాళ్ల సైట్‌లో ఫ్రీగానే దొరుకుతుంది. 10.1కి కనీసం జావా 11, టామ్‌క్యాట్ 11కైతే జావా 17 ఉండాలి.

హోస్టింగ్ ఇంకా ఘోరం. అది పీహెచ్‌పీ అనే వేరే భాష ప్రోగ్రాములు నడిపే మామూలు షేర్డ్ హోస్టింగ్, అందులో టామ్‌క్యాటే లేదు. సపోర్ట్ అబ్బాయి చెప్పినట్టు వార్ ఫైల్ పబ్లిక్ ఫోల్డర్‌లో పెడితే లింక్ నొక్కినోళ్లకి ఫైల్ డౌన్‌లోడ్ అవుతోంది. విప్పి పెట్టమన్నాడు, పెట్టినాక చూస్తే వెబ్-ఇన్ఫ్‌లో ఉన్న ఎక్స్ఎంఎల్ ఎవరైనా బ్రౌజర్‌లో తెరిచి చూడొచ్చు, నా డేటాబేస్ పాస్‌వర్డ్ అందులోనే ఉంది. వెంటనే తీసేసి పాస్‌వర్డ్ మార్చుకున్నా. మీలో ఎవరైనా అట్లా పెట్టుంటే ఇప్పుడే తీసేయండి.

డబ్బులు వాపసు అడిగితే సీల్ తీసిన పెన్‌డ్రైవ్ వెనక్కి తీసుకునేది లేదన్నారు. నా దగ్గరున్నది తెల్లకాగితం మీద రాసిచ్చిన చీటీ, దాని మీద జీఎస్‌టీ నంబర్ కూడా లేదు. ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టినా, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

ఇంకా కొనాలనే అనుకుంటే మాత్రం డబ్బులిచ్చేముందు వాళ్ల సిస్టమ్‌లోనే మీ ముందు ఆ బుక్కులో ఒక సర్వ్‌లెట్ రన్ చేసి చూపించమనండి, హోస్టింగ్‌లో టామ్‌క్యాట్ ఏ వెర్షన్ ఉందో బిల్లు మీద రాయించుకోండి. రాయమంటే వాళ్లు రాయకపోతే అక్కడినుంచి వచ్చేయండి.