కోళికోడ్‌లో కలరి మర్దన: నొప్పి ఖాయం, అయినా వెళ్లొచ్చు

నడుం నొప్పికి కేరళలోని కోళికోడ్ దగ్గర ఒక కలరిలో, అంటే కలరిపయట్టు అనే యుద్ధవిద్య నేర్పే చోట, ఉళిచ్చిల్ (నూనె మర్దన) చేయించుకున్నాను. స్పా అనుకుని వెళ్తే మాత్రం బెదిరిపోతారు. చాప మీద పడుకోబెట్టి, గురుక్కల్ (కలరి గురువు) పైనుంచి వేలాడే తాడు పట్టుకుని, నూనె రాసిన ఒంటిని మెడ దగ్గర నుంచి మడమ దాకా ఒకే ఊపులో పాదంతో రుద్దుకుంటూ పోతారు, ఎక్కడ బిగుసుకుందో ఆయన కాలికే తెలిసిపోతుంది, అక్కడ ఇంకాస్త నొక్కుతారు, ప్రాణం పోయినంత పనవుతుంది! కలరిపయట్టు నేర్పే గురువులే ఈ వైద్యమూ చేస్తారు. మరి ఎక్కడ కొడితే ప్రమాదమో ఆ మర్మస్థానాలు తెలిసినవాళ్లకే కదా ఎక్కడ నొక్కకూడదో తెలిసేది.

పొద్దున్నే సాధన కూడా చూడనిచ్చారు. కలరి అంటే నేలకు దిగువన తవ్విన గుంట, సంప్రదాయం ప్రకారం 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు, నైరుతి మూల ఏడు మెట్ల పూత్తర అనే పూజా వేదిక. పిల్లలు కుడికాలు ముందు పెట్టి దిగుతారు.

చిరాకు పెట్టింది బిల్లు. ఫోన్‌లో చెప్పిన రేటులో నూనె ఖర్చు లేదట, చివర్లో చెప్పారు. వేడినీళ్లూ అంతంతమాత్రమే. నడుం పట్టేయడం మాత్రం బాగా తగ్గింది. డిస్క్ సమస్య, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగండి. కర్కిడకం అనే మలయాళ నెలలో, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా రద్దీ ఎక్కువ, ముందే బుక్ చేసుకోండి.