భవనమా, అమ్మమ్మ ఇల్లా?

కంబోడియాలోని అనాథ పిల్లల కోసం కొత్తగా సేవాసంస్థ పెట్టే క్రైస్తవ మిత్రుల ముందు రెండు దారులుంటాయి: ఆశ్రమం కట్టడం, లేదా పిల్లలను అయినవాళ్ల దగ్గరే ఉంచి ఆ ఇంటిని ఆదుకోవడం.

ఆశ్రమానికి విరాళాలు త్వరగా వస్తాయి. పునాదిరాయి, వరుసగా మంచాలు, గోడ మీద దాతల పేర్లు కళ్లకు కనబడతాయి. కానీ అక్కడి ఆశ్రమాల్లోని పిల్లల్లో నలుగురిలో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఏనాడో చెప్పింది. వాళ్లను అక్కడికి చేర్చింది చాలావరకు పేదరికం, చదువు దొరుకుతుందన్న ఆశ.

రెండో దారిలో ఫొటో తీసి పంపడానికి పెద్దగా ఏమీ ఉండదు. అమ్మమ్మకు బియ్యం, మనవడికి బడి చొక్కా, నెలనెలా ఆ గడప తొక్కే అక్కడి ఖ్మేర్ భాష తెలిసిన కార్యకర్తకు జీతం. పని నిదానం. పిల్లవాడిని ఇంట్లో కొడుతున్నారేమో కూడా కనిపెట్టి ఉండాలి. అయినా రాత్రి భయమేస్తే వాడు అమ్మమ్మ కొంగు పట్టుకుని పడుకుంటాడు. ఆఫ్రికా దేశమైన రువాండా 2012లోనే ఆశ్రమాలు మూసి పిల్లలను కుటుంబాలకు చేర్చాలని నిర్ణయించింది.

నా మనసు ఈ దారి మీదే. బైబిల్లోని యాకోబు పత్రిక (లేఖ) దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను ఒకే మాటలో కలిపి చెప్పింది. తల్లిని వదిలి బిడ్డను మాత్రమే తెమ్మనలేదు. నిజంగా ఎవరూ లేని పిల్లలకు పెంపుడు కుటుంబాన్ని వెతకాలి. దొరికేదాకా ఒక చిన్న ఇల్లు చాలు.