మంచు కరగని బొటనవేలు

బండి మీద వేసుకునే హీటెడ్ గ్లోవ్స్, అంటే లోపలి కరెంటు తీగతో వేడెక్కేవి, కొనాలా వద్దా అని అడిగినవాళ్లకి మొదటి రెండు చలికాలాలూ నేను చెప్పింది ఒకటే మాట: ఇంకేం ఆలోచించకండి, కొనేయండి. ఇప్పుడు నాలుగో చలికాలం నడుస్తోంది. ఆ గ్లోవ్స్ ఇంకా నా దగ్గరే ఉన్నాయి, రోజూ వేసుకుంటున్నాను, ఇవి లేకుండా పొద్దున్నే బండి తీయను. అయినా ఆ పాత మాట ఇప్పుడు అలాగే చెప్పలేను. కారణం బొటనవేలు.

ఎన్ని లెవెల్స్ వేడి, బ్యాటరీ సామర్థ్యం ఎంత, ఎంతసేపట్లో ఛార్జ్ అవుతుంది లాంటివన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నా సంగతి మాత్రం ముందే చెప్పాలి, ఎందుకంటే నా అభిప్రాయంలో సగం నా చేతుల వల్ల వచ్చిందే. చలి తగిలితే నా వేళ్లు తెల్లగా పాలిపోతాయి. డాక్టరు దాన్ని రేనాడ్ అన్నారు. 1862లో దీని గురించి రాసిన మోరిస్ రేనాడ్ అనే ఫ్రెంచి వైద్యుడి పేరే దీనికి స్థిరపడింది. చలికి వేళ్లలోని సన్నని రక్తనాళాలు అందరికీ కొంత ముడుచుకుంటాయి, ఒంట్లో వేడి బయటికి పోకుండా. నాకు మరీ గట్టిగా మూసుకుపోతాయి. పైగా నాది తెల్లవారుజాము ప్రయాణం. విండ్ షీల్డ్ లేని బండి, 50 నిమిషాల దారి, ఎక్కువ భాగం 80 వేగం. బయట 2 డిగ్రీలున్నప్పుడు గంటకు 80 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి అది మైనస్ 7 లాగా ఉంటుంది. కెనడా, అమెరికా 2001 నుంచి వాడుతున్న విండ్ చిల్ సూత్రంతో కట్టిన లెక్క ఇది. ఆ సూత్రం ఏమీ కప్పుకోని ముఖానికి రాసినది, గ్లోవ్ లోపలి చేతికి అంతే అని కాదు. కానీ హ్యాండిల్ పట్టుకున్నప్పుడు గాలికి ఎదురుగా ఉండేది వేళ్ల వెనక భాగమే.

మందపాటి మామూలు గ్లోవ్స్‌తో చాలా ఏళ్లు నెట్టుకొచ్చాను. దుప్పటి వేడి పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వదు, అంతే. గ్లోవ్ కూడా అంతే. వేళ్లలోకి రక్తమే రాకపోతే అది దాచిపెట్టడానికి వేడెక్కడిది? ఒకదాని మీద ఒకటి రెండు జతలు వేసి చూశాను, ఇంకా అధ్వాన్నం. బిగుతుకి ఆ వచ్చే కాస్త రక్తం కూడా ఆగిపోయింది, లివర్ ఎక్కడుందో వేలికి తెలియలేదు.

అందుకే ఈ గ్లోవ్స్ వేసుకున్న మొదటి పొద్దున నాకు ఇంకా గుర్తుంది. అరగంట దాటాక కూడా క్లచ్ సరిగ్గా ఎక్కడ పట్టుకుంటుందో వేళ్లకి తెలుస్తోంది. మామూలుగా ఆ సమయానికి నా వేళ్లు కొంకర్లు పోయి, క్లచ్ వదిలితే బండి ఒక్క కుదుపుతో ముందుకి దూకేది. లివర్ లోహం కదా, దాని మీద పెట్టిన రెండు వేళ్ల నుంచీ వేడి లాగేస్తూనే ఉంటుంది. ఆ రెండు వేళ్లూ వెచ్చగా ఉండడమే నాకు అన్నిటికంటే పెద్ద సుఖం. స్విచ్ మాత్రం ఇంట్లోంచి కాలు బయట పెట్టకముందే వేయాలి, ఇది మొదటి వారంలోనే తెలిసింది. వేళ్లు ఒకసారి మొద్దుబారాక వేడి మొదలుపెడితే అవి తేరుకునేసరికి సగం దారి అయిపోతుంది.

బొటనవేలు చల్లగా ఉంటోందని ఆ రెండేళ్లూ నాకు తెలియక కాదు. నాలుగు వేళ్లు వెచ్చగా ఉన్నప్పుడు ఒకటి చల్లగా ఉందనడం గొంతెమ్మ కోరిక అనిపించింది. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు దాన్ని పిడికిట్లోకి ముడుచుకునేవాణ్ణి, సర్దుకుపోయేవాణ్ణి.

మూడో చలికాలం మధ్యలో ఒక పొద్దున. ఆకాశంలో మబ్బు తునక లేదు. అలాంటి రాత్రుల తర్వాతే చలి బాగా ఉంటుంది, రోడ్డు పక్క గడ్డంతా తెల్లగా పేరుకుని ఉంది. 40 నిమిషాలు నడిపాక ముందు ఒక లారీ మెల్లగా పోతోంది. దాన్ని దాటాను, నా వరసలోకి తిరిగి వస్తూ ఇండికేటర్ వేశాను, వరసలోకి వచ్చేశాక ఆపడానికి స్విచ్ నొక్కాను. నొక్కాననే అనుకున్నాను. ఇండికేటర్ వేయడానికి స్విచ్‌ని పక్కకి తోస్తే చాలు, చెయ్యి మొత్తం కదిలినా ఆ పని అయిపోతుంది. ఆపడానికి మాత్రం బొటనవేలి కొన సరిగ్గా మధ్యలో పడి లోపలికి దిగాలి. వేలు వెళ్లి దేన్నో తాకింది, నేను పని అయిపోయిందనుకున్నాను. అప్పుడే వస్తున్న ఎండ మీటర్ మీద పడి, అందులో మినుకుమంటున్న దీపం కనపడలేదు.

కాస్త దూరం పోయానో లేదో, ఇండికేటర్ వెలుగుతున్న వైపే ఒక అడ్డరోడ్డు వచ్చింది. దాని మొగలో ఒక కారు ఆగి ఉంది. నేను ఆ రోడ్డులోకే తిరుగుతానని అందులో ఉన్న మనిషి అనుకున్నాడు. అందులో అతని తప్పేమీ లేదు, నా బండే అతనికి ఆ మాట చెబుతోంది. కారు రోడ్డు మీదికి వచ్చేసింది.

నా కుడి చేతి చూపుడువేలు, మధ్యవేలు బ్రేక్ మీదే ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయి. మొదట కాస్త, తర్వాత గట్టిగా, చక్రం జారబోతోందనిపించిన చోట ఒక్క రవ్వ సడలించి మళ్లీ గట్టిగా, ఎంత కావాలో అంతే నొక్కాయి. బండి ముక్కు కిందికి కుంగింది. ఆగేసరికి కారు తలుపుకీ నా ముందు చక్రానికీ మధ్య ఒక మనిషి పడుకునేంత చోటు మిగిలింది. నన్ను ఆ ప్రమాదంలోకి తోసింది ఒక వేలు, బయటికి లాగింది రెండు వేళ్లు, మూడూ అవే గ్లోవ్స్‌లో ఉన్నాయి. ఈ గ్లోవ్స్ మీద నా ప్రేమా కోపమూ అక్కడే ముడిపడి ఉన్నాయి.

రోడ్డు పక్కకి తీసి ఆపాను. ఇండికేటర్ ఇంకా మినుకుమంటూనే ఉంది. కళ్లతో చూస్తూ నొక్కితే గానీ ఆగలేదు. ఎడమ గ్లోవ్ తీసి చూస్తే నాలుగు వేళ్లూ మామూలు రంగులో ఉన్నాయి. బొటనవేలు కొన నుంచి మొదటి కణుపు దాకా కొవ్వొత్తి రంగు. గోటితో గిల్లితే ఏమీ తెలియలేదు. ఇంజిన్‌కి ఆనించబోయి ఆగాను. స్పర్శ లేని చర్మం కాలుతున్నా మనకి తెలియదు, అలాంటప్పుడు ఇంజిన్, సైలెన్సర్ జోలికి అసలు పోకూడదు. జాకెట్ జిప్పు దించి వేలిని చంకలో పెట్టుకుని నిలబడ్డాను. పావుగంట పట్టింది. రక్తం తిరిగి వస్తున్నప్పుడు సూదులు గుచ్చినట్టు పుట్టే నొప్పి ఎలా ఉంటుందో ఇలాంటి వేళ్లున్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి రెండు గ్లోవ్స్‌నీ ఆరుబయట వదిలేశాను, వేళ్లు విడిగా పరిచి, అరచెయ్యి కిందికి పెట్టి. పొద్దున చూస్తే తోలంతా తెల్లటి నూగు మంచు పట్టింది. బ్యాటరీలు తగిలించి, వేడి పూర్తిగా పెంచి, పక్కనే కూర్చున్నాను. కొంచెంసేపు ఏమీ కాలేదు. తర్వాత చెయ్యి వెనక భాగం నల్లబడింది, అక్కడి నుంచి చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు, చూపుడువేలు వరసగా తడి తేలాయి. లోపల తీగ ఎక్కడెక్కడ తిరిగిందో గీత గీసినట్టు కనిపించింది. ఆ గీత బొటనవేలి మొదట్లోకి వచ్చి వెనక్కి తిరిగిపోయింది. పది నిమిషాలు చూశాను. రెండు గ్లోవ్స్‌లోనూ బొటనవేలు తెల్లగానే ఉండిపోయింది.

డబ్బా మీద బొమ్మలో ఐదు వేళ్లూ ఎర్రగా వేసి ఉన్నాయి. నాకు కష్టం వేసింది అందుకే. తయారుచేసినవాళ్లకి రాశాను. చెయ్యి వెనక భాగం నుంచి వేడి బొటనవేలికి పాకుతుంది అని సమాధానం వచ్చింది. ఆగి ఉన్న బండి మీద పాకుతుందేమో, 80 వేగంలో పాకదు. కుట్టు చూస్తే కారణం కొంత అర్థమవుతుంది. బొటనవేలి భాగాన్ని విడిగా కత్తిరించి కుడతారు, తీగ ఆ కుట్టు దాటాలి, పైగా ఆ వేలు అన్ని దిక్కులా తిరుగుతుంది కాబట్టి తీగ తెగే భయం ఎక్కువ. కష్టమైన పనే, ఒప్పుకుంటాను. కానీ ఎడమ బొటనవేలు బండి మీద ఊరికే ఉండే వేలు కాదు. ఇండికేటర్, హారన్, ఎదురు బండి వచ్చినప్పుడు లైటు దించడం, అన్నీ దాని పనే. దాన్ని వదిలేస్తే వదిలేశామని రాయాలి.

ఆ తర్వాత హ్యాండిల్‌కి హీటెడ్ గ్రిప్స్ పెట్టించాను, అంటే కరెంటుతో వేడెక్కే పిడులు. వీటిని నేను ఇదివరకు చాలామంది దగ్గర తీసిపారేశాను, అరచెయ్యి మాడుతుంది, వేళ్ల వెనక భాగం మాత్రం గడ్డకడుతుంది అని. ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ బొటనవేలు గ్రిప్ చుట్టూ తిరిగి దాన్ని లోపలి వైపు నుంచి పట్టుకుని ఉంటుంది. గ్లోవ్ వదిలేసిన వేలిని గ్రిప్ పట్టుకుంది. ఇప్పుడు 40 నిమిషాల దగ్గర కూడా స్విచ్ లోపలికి దిగడం తెలుస్తోంది. గ్రిప్స్ కరెంటు బండిదే కాబట్టి చిన్న ఇంజిన్ వాళ్లు తమ బండి అంత ఇవ్వగలదో లేదో మెకానిక్‌ని అడిగి పెట్టించుకోవడం మంచిది. లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. గాలిని అడ్డుకునే హ్యాండ్ గార్డులు కూడా సాయపడ్డాయి, అనుకున్నంత కాదు.

బ్యాటరీల గురించి అడిగినవాళ్లకి నేను ఆ రెండేళ్లూ చెప్పినదీ కొంచెం సరిదిద్దుకోవాలి. పూర్తి వేడిలో రెండు గంటలు వస్తాయి అనేవాణ్ణి. కొత్తలో దాదాపు వచ్చాయి. ఇప్పుడు కుడిది గంటంపావు, ఎడమది గంట కూడా కష్టం. ఒక్కో ప్యాక్‌లో రెండు లిథియం సెల్స్ వరసగా ఉంటాయి, మొత్తం 7.4 వోల్టులు. ఒక సెల్ బలహీనపడితే ప్యాక్ మొత్తం ముందే ఆగిపోతుంది. తప్పు కొంత నాది. మొదటి వేసవి అంతా పూర్తిగా దిగిపోయిన ప్యాక్‌లనే అరలో పడేశాను. సగం ఛార్జ్‌తో, చల్లటి పొడి చోట పెట్టి ఉండాల్సింది. సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఉన్న ప్యాక్‌ని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టకూడదని కూడా ఆలస్యంగా తెలుసుకున్నాను. లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది. ఇంట్లోకి తెచ్చి, దాని చల్లదనం పోయాక పెట్టాలి. నీరు లోపలికి రాదు అని నేను అప్పట్లో అందరి దగ్గరా మెచ్చుకున్నదీ నిజమే, కానీ తడి చేత్తో తీస్తే లోపలి గుడ్డ వేళ్లతో పాటు బయటికి వచ్చేస్తుంది, మళ్లీ తోయడం పెద్ద పని. అందులోనే తీగ కూడా ఉంది కాబట్టి లాగడానికి భయం వేస్తుంది.

బండి బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల తీగ గ్లోవ్స్ నా స్నేహితుడు వాడతాడు. మూడు గంటల ప్రయాణంలోనూ ఆయన చేతుల వేడి తగ్గదు. జాకెట్ చేతుల్లోంచి తీగ దూర్చుకోవడం, దిగిన ప్రతిసారీ విప్పుకోవడం ఆయనకి అలవాటైపోయింది. నేను దారిలో రెండు చోట్ల దిగాలి, అందుకే బ్యాటరీవే ఎంచుకున్నాను. రోజూ గంట దాటి ఏకబిగిన నడిపేవాణ్ణయితే తీగవే కొనేవాణ్ణి.

కొత్తగా కొనేవాళ్లు ఒక్క పని చేయాలని నా కోరిక. దుకాణంలో అడిగి, ఛార్జ్ ఉన్న ప్యాక్ తగిలించి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి, ఒక్కో వేలి గొట్టంలోకీ వేలు దూర్చి చూడండి. బొటనవేలిని ఆఖరున కాదు, మొదట చూడండి. లోపల ఈఎన్ 13594 అనే గుర్తు ఉందో లేదో కూడా చూడండి, అది మోటారుసైకిల్ గ్లోవ్స్‌కి యూరప్ పెట్టిన రక్షణ ప్రమాణం. మంచు మీద ఆటలకి చేసిన హీటెడ్ గ్లోవ్స్ చూడ్డానికి ఇలాగే ఉంటాయి, వెచ్చగానూ ఉంటాయి, కానీ రోడ్డు మీద జారిపడితే తట్టుకోవడానికి కుట్టినవి కావు. చెయ్యి పిడికిలి పట్టినప్పుడు వేళ్ల కొనల దగ్గర బిగుతుగా ఉంటే ఒక సైజు పెద్దది తీసుకోండి.

నా లాంటి వేళ్లు లేనివాళ్లకి, విండ్ షీల్డ్ ఉన్న బండివాళ్లకి, ఇరవై నిమిషాల్లో గమ్యం చేరేవాళ్లకి ఈ బొటనవేలి గొడవ ఎప్పటికీ ఎదురుకాకపోవచ్చు. వాళ్లు ఇవే గ్లోవ్స్ వేసుకుని ఎంతో సంతోషంగా ఉంటారు, నేనూ రెండేళ్లు అలాగే ఉన్నాను. నా దారికి, నా చేతులకి మాత్రం ఇవి ఒక్కటే చాలవు, గ్రిప్స్ తోడు కావాలి.

వచ్చే ఏడాదికి ఎడమ ప్యాక్ పనికిరాదు, ఈ మోడల్‌కి ప్యాక్ విడిగా దొరకడం లేదు. ఇంకో జత చూసుకున్నాను. తీగ బొటనవేలి కొన దాకా వెళ్తుందని దాని మీద రాసి ఉంది. అది చేతికొచ్చాక, వేసుకుని బండెక్కే ముందు, ఒక రాత్రి ఆరుబయట మంచులో పరుస్తాను.