వేసెక్టమీ: ఆపరేషన్‌కి ఫుల్ మార్కులు, ఆ తర్వాతి సర్వీసుకి కోత

వేసెక్టమీ అంటే పిల్లలు పుట్టకుండా మగవాళ్లకి చేసే ఆపరేషన్. నా రేటింగ్ అయిదుకి నాలుగు.

ఇద్దరు పిల్లలు చాలనుకోగానే మా ఆవిడకి ట్యూబెక్టమీ (ఆడవాళ్లకి చేసే ఇలాంటి ఆపరేషన్) అని ఇంట్లో అందరూ తేల్చేశారు. డాక్టరుగారు మాత్రం నావైపు తిరిగి "మీరెందుకు చేయించుకోకూడదు?" అన్నారు. లెక్క చూస్తే నిజమే. తనకైతే పొట్టలోకి వెళ్లాలి, నాకు ఆ చోట తిమ్మిరెక్కితే చాలు. ట్యూబెక్టమీ తర్వాత మొదటి ఏడాదిలో వెయ్యిమందిలో అయిదుగురికి గర్భం రావచ్చు. వేసెక్టమీలో ఒకరిద్దరికే. తేలికైనదీ నమ్మకమైనదీ మగవాళ్లదే అయినా, 2019 నాటి ఐక్యరాజ్యసమితి లెక్కల్లో ప్రపంచం మొత్తమ్మీద ఆపరేషన్ మీద ఆధారపడ్డ ఆడవాళ్లు దాదాపు 22 కోట్లు, మగవాళ్లు రెండు కోట్లకు లోపే!

నాకు చేసింది కత్తి పెట్టని పద్ధతి. 1974లో చైనాలో లీ షున్‌చియాంగ్ అనే డాక్టర్ మొదలుపెట్టింది. ఇంజెక్షన్ చురుక్కుమంది, నొప్పంటే అదే. మొనదేలిన పరికరంతో చర్మానికి చిన్న రంధ్రం చేసి, దాన్ని కాస్త సాగదీసి, వీర్యనాళాన్ని బయటికి తీస్తారు. ఆ లాగినప్పుడు పొత్తికడుపులో దేవినట్టుంటుంది. ఈ ముక్క ముందుగా ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నా. నాళాన్ని కోసి, కొసలు మూసి లోపలికి పంపేస్తారు. రెండో వైపూ అంతే. కుట్లు పడలేదు. డాక్టరుగారు మా పిల్లల చదువుల గురించి అడుగుతూనే పని కానిచ్చేశారు.

తర్వాత బిగుతు లోదుస్తులు, ఐస్ ప్యాక్, కొన్నాళ్లు బరువులెత్తకపోవడం. కమిలిన రంగు చూస్తే గుండె గుభేలుమంటుంది గానీ తగ్గిపోతుంది. ఇక అందరూ గుసగుసగా అడిగే ప్రశ్న: మగతనం తగ్గుతుందా? తగ్గదు. మగతనాన్నిచ్చే హార్మోను రక్తంలో కలుస్తుంది, కోసిన నాళంలోంచి పోదు. వీర్యంలో వీర్యకణాల వాటా చాలా తక్కువ కాబట్టి చూపుకి కూడా తేడా తెలియదు.

మార్కు ఎక్కడ పోయిందంటే, ఇంటికి పంపేటప్పుడు ఆ క్లినిక్ కుర్రాడు "ఇంక టెన్షన్ లేదు సార్" అన్నాడు. శుద్ధ తప్పు. కోత పడ్డ చోటికి అవతల కణాలు అప్పటికే చేరి ఉంటాయి. అవి ఖాళీ కావడానికి మూడు నెలల దాకా పడుతుంది. అప్పుడు వీర్య పరీక్ష చేసి, కణాలు లేవని రాసిచ్చేదాకా కండోమో మరొకటో వాడాల్సిందే. ఇదంతా వాళ్లిచ్చిన కాగితం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, మా ఆవిడ చదివింది కాబట్టి సరిపోయింది. పరీక్షకి రమ్మని ఎవరూ పిలవలేదు, నేనే వెంటపడి చేయించుకున్నా. రేటింగ్ ఇమ్మని మాత్రం ఠంచనుగా ఫోన్ చేశారు.

మళ్లీ పిల్లలు కావాలేమో అనే అనుమానం ఆవగింజంత ఉన్నా దీని జోలికి పోవద్దు. నాళాలు మళ్లీ కలిపే ఆపరేషన్ ఉంది కానీ గ్యారంటీ లేదు. అలాంటివాళ్లకి ఆడవాళ్ల గర్భసంచిలో పెట్టే కాపర్-టీ నయం, పదేళ్లు పనిచేస్తుంది, వద్దనుకుంటే తీసేయించుకోవచ్చు. కొద్దిమందికి ఈ ఆపరేషన్ తర్వాత నొప్పి చాలాకాలం ఉండిపోతుంది, అదీ ముందే అడిగి తెలుసుకోండి. సుఖవ్యాధుల నుంచి ఇది కాపాడదు, దానికి కండోమే దిక్కు. చేయించుకునేవాళ్లు బయటికొచ్చే ముందే పరీక్ష తేదీ రాయించుకోండి.