ఇద్దరు నర్సులు, ఒక వంటమనిషి, ఒక ఎర్ర కుక్కరు

పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' 2024లో కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి గెలుచుకున్నది మొదలు దాని గురించి నేను చదివినవన్నీ దాదాపు పొగడ్తలే. తిరుపతిలో మా ఇంటి పై వాటాలో అద్దెకుంటున్న ఇద్దరు నర్సులతో కలిసి హాట్‌స్టార్‌లో చూశాక, వాటిలో సగాన్ని మాత్రమే నేను ఒప్పుకోగలుగుతున్నాను.

ముంబై ఆసుపత్రిలో పనిచేసే మలయాళీ నర్సులు ప్రభ, అను ఒకే గదిలో ఉంటారు. ప్రభ భర్త జర్మనీలో ఉంటాడు; ఒకరోజు అక్కడి నుంచి, పంపిందెవరో చెప్పకుండా, ఒక ఎర్ర కుక్కరు ఆమెకు వస్తుంది. అదే ఆసుపత్రిలో వంట చేసే పార్వతి, భర్త పోయాక చేతిలో కాగితాలు లేక, ఏళ్ల తరబడి ఉన్న ఇంటిని బిల్డరుకు వదిలి రత్నగిరి వైపు తన ఊరికి వెళ్లిపోతుంది. అద్దె డబ్బులకు అను తడుముకోవడం, అను గురించి నలుగురూ అనే మాటలు విని ప్రభ ఆమెపై నోరు పారేసుకుని తర్వాత నొచ్చుకోవడం, రాత్రివేళ ప్రభ, పార్వతి కలిసి బిల్డరు ప్రకటన మీద రాళ్లు విసరడం – ఆడవాళ్ల స్నేహంలో డబ్బుకూ కోపానికీ ఉన్న చోటును ఇంత సూటిగా చూపిన సినిమాలు తక్కువ. ఆస్కార్‌కు దీన్ని కాదని 'లాపతా లేడీస్'ను పంపినప్పుడు, కపాడియా సినిమా భారతదేశంలో జరిగే ఐరోపా చిత్రంలా ఉందని ఎంపిక సంఘం అభిప్రాయపడిందట. అద్దె కట్టలేక తోటి మనిషిని చేబదులు అడగడం ఎప్పటినుంచి ఐరోపా వ్యవహారమైందో నాకు బోధపడలేదు.

నా అభ్యంతరం రెండో సగంతో. పార్వతితో పాటు నర్సులిద్దరూ ఆమె ఊరి సముద్రతీరానికి చేరగానే దర్శకురాలు ముగ్గురినీ విడదీసి, అనును ప్రియుడి దగ్గరకూ, ప్రభను నీటిలో కొట్టుకొచ్చిన ఒక అపరిచితుడి దగ్గరకూ పంపేస్తుంది. అంతవరకు ఒకరితో ఒకరు పెనుగులాడిన స్త్రీలు ఇక్కడ ఎవరి మగవాడి లెక్క వారు తేల్చుకుంటారు. అతను భర్తలా ప్రభతో మాట్లాడే ఆ కలలాంటి ఘట్టం చూసి పై వాటా పెద్దమ్మాయి, "ఇంతకీ వచ్చింది మొగుడేనా, అక్కా?" అని అడిగింది, నా దగ్గరా జవాబు లేదు. ప్రభగా కని కుస్రుతి మౌనం ఆ ఘట్టాన్ని నిలబెట్టింది గానీ, రాతలో అంత బలం లేదు. పార్వతిగా చేసిన ఛాయా కదమ్‌కు మరికొంత చోటిచ్చి ఉండవలసింది.

నైట్ డ్యూటీ ఉండి చిన్నమ్మాయి మధ్యలోనే వెళ్లిపోయింది. మర్నాడు మెట్ల మీద ఎదురై, జర్మనీ నుంచి ఆ కుక్కరును పంపింది భర్తేనని తేలిందా అని అడిగింది. తేలలేదని చెప్పాను.