అరిగిన సంగతి చెప్పని బ్రేకులు: కొండ రోడ్ల మీద హైడ్రాలిక్ డిస్క్ వాడాక

ఫ్రేమ్ బరువెంత, గేర్లెన్ని, టైరు వెడల్పెంత అన్నవి కొనే ముందు ఎవరైనా చూసుకునేవే. వాటి జోలికి పోను. ఇన్నాళ్ళు తొక్కాక నాకు చెప్పాలనిపించేది నా సైకిల్ బ్రేకుల గురించే. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, అంటే చక్రం నడిమధ్య ఉండే ఇనుప బిళ్ళను (డిస్క్) ఆయిల్ ఒత్తిడితో రెండు వైపులా నొక్కి పట్టేవి. వీటి మీద నాకు ఎంత ప్రేమ ఉందో అంత కోపమూ ఉంది. ప్రేమ సంగతి ముందు చెప్తాను.

అంతకుముందు నాది రిమ్ బ్రేకుల సైకిల్, అంటే చక్రం అంచును (రిమ్) రబ్బరు ముక్కలు పట్టుకుని ఆపే రకం. బెంగళూరులో సైకిల్ తొక్కే అందరిలాగే ఆదివారం చీకటితో లేచి హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కి నంది కొండకు పోయేవాణ్ణి. ఎక్కడం కష్టమే అయినా అది కాళ్ళకు సంబంధించిన కష్టం, ఇడ్లీ తింటే పోతుంది. అసలు బాధంతా దిగేటప్పుడు. 1,478 మీటర్ల ఎత్తున పొద్దున పూట మంచు పట్టి ఉంటుంది, రిమ్ తడిగా ఉంటుంది. బ్రేకు నొక్కితే రబ్బరు ముందు ఆ తడి తుడుస్తుంది, ఆ తర్వాతే పట్టుకుంటుంది. ఆ మధ్యలో మలుపు దగ్గరికొచ్చేస్తుంది. కింద గేటు దాకా వచ్చేసరికి వేళ్ళు ముడుచుకుపోయి, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చేది. నా బరువు 80 కిలోల పైమాటే, అది కూడా కలిపి చూసుకోండి.

డిస్క్ బ్రేకులతో మొదటిసారి అదే కొండ దిగినప్పుడు చూపుడు వేలు ఒక్కటి లివర్ మీద పెట్టి దిగాను. ఒక్క వేలు! హ్యాండిల్ పైభాగం పట్టుకునే, కిందికి వంగాల్సిన పని లేకుండా. ఎంత నొక్కితే అంత వేగం తగ్గుతుంది. పిసరంత తగ్గించాలంటే పిసరంతే తగ్గుతుంది. ఆ రోజు దిగిపోయాక మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగుదామా అనిపించింది. మా ఆవిడకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్తే, "పాలు తీసుకురండి" అంది.

నందిలో ఆదివారం పూట కార్ల రద్దీ చూశాక ఆ కొండ మీద మోజు తగ్గింది. ఇప్పుడు ఎక్కువగా అటు తూర్పు దిక్కే పోతాను. హొసకోట, హెచ్ క్రాస్, చింతామణి మీదుగా మదనపల్లె. కైవారం దగ్గరికొచ్చేసరికే టీ కొట్ల దగ్గర తెలుగు వినిపించడం మొదలవుతుంది. కైవారం తాతయ్య అనే యోగి కన్నడంతో పాటు తెలుగులోనూ పాడిన నేల కదా, వింతేం లేదు. చింతామణి దాటాక టమాటా లోడు లారీలు తప్ప పెద్దగా బండ్లుండవు. మదనపల్లెలో రాత్రికి బస చేసి, తెల్లారి అంగళ్ళు మీదుగా హార్స్‌లీ హిల్స్. ఊళ్ళోవాళ్ళు ఏనుగు మల్లమ్మ కొండ అని కూడా అంటారు. 1,200 మీటర్లకు పైన ఎత్తు, పైదాకా మంచి తారు రోడ్డు, నీలగిరి చెట్ల నీడ. మామూలు రోజుల్లో ఒక బస్సో రెండు మోపెడ్లో తప్ప ఎవరూ ఎదురుకారు. రోడ్డు సైకిల్ ఉన్నవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

కోపం వచ్చింది కూడా అక్కడే.

అది అక్టోబరు. రాత్రంతా వాన కురిసి పొద్దున కాస్త తెరిపి ఇచ్చింది. పైకి బాగానే ఎక్కాను. దిగేటప్పుడు మళ్ళీ తుంపర మొదలైంది. గట్టు మీది ఎర్రమట్టి రోడ్డు మీదికి కొట్టుకొచ్చి మలుపుల్లో సన్నటి బురద పేరుకుంది. రెండు మలుపులు దాటానో లేదో వెనక చక్రం దగ్గర గర్రుమని చప్పుడు. తడిలో డిస్క్ కీచుమనడం అలవాటే, అది వేరు. ఇది ఇనుముతో ఇనుమును గీకుతున్న చప్పుడు. వెనక బ్రేకు నొక్కితే సైకిల్ ఆగడం లేదు. విచిత్రమేమిటంటే లివర్ మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉంది. ఎప్పుడూ ఆగే చోటే ఆగుతోంది. వేలికి అంతా బాగానే ఉన్నట్టు తెలుస్తోంది, చక్రం మాత్రం వినడం లేదు. ముందు బ్రేకుతో మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి రోడ్డు పక్క పిట్టగోడకు ఆనుకున్నాను.

చక్రం ఊడదీసి చూశాను. బ్రేక్ ప్యాడ్ అంటే బొటనవేలి గోరంత ఇనుప రేకు, దాని మీద అంటించిన రాపిడి పొర. ఎడమ ప్యాడ్ మీద ఆ పొర మచ్చుకైనా లేదు, ఉత్త రేకే మిగిలింది. రెండు ప్యాడ్ల మధ్య ఉండే సన్నటి స్ప్రింగ్ ఒక కాలు కోసుకుపోయింది. డిస్క్ మీద గోటితో తడిమితే గాడి తగులుతోంది. ముందు ప్యాడ్లు చూస్తే అవీ మిల్లీమీటరు లోపే. ఇంతా చేసి వారం కిందటే సైకిల్‌ను బెంగళూరులో సర్వీసింగ్‌కు ఇచ్చి తెచ్చుకున్నాను. బిల్లులో "బ్రేకులు" అన్నదాని పక్కన టిక్కు కూడా పెట్టారు. ఏం చూసి పెట్టారో మరి. బహుశా లివర్ నొక్కి చూసుంటారు.

అసలు తగాదా ఇక్కడే. తీగతో లాగే కేబుల్ బ్రేకైతే రబ్బరు అరిగేకొద్దీ లివర్ హ్యాండిల్ వైపుకు దగ్గరవుతూ వస్తుంది. వదులైందని చేతికే తెలుస్తుంది, మర తిప్పి బిగించుకుంటాం. అలా రెండుమూడు సార్లు బిగించాక రబ్బరు మార్చాలని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. హైడ్రాలిక్‌లో ప్యాడ్‌ను తోసే పిస్టన్ చుట్టూ నాలుగు పలకల రబ్బరు సీలు ఉంటుంది. లివర్ నొక్కితే ఆ సీలు కాస్త మెలిక పడుతుంది, వదిలితే పిస్టన్‌ను అంతే వెనక్కి లాగుతుంది. ప్యాడ్ అరిగితే పిస్టన్ ఆ సీలులోంచి కొంచెం ముందుకు జారి అక్కడే కుదురుకుంటుంది. ఖాళీ అయిన చోటికి లివర్ దగ్గరి తొట్టిలోంచి ఆయిల్ వచ్చి నిండుతుంది. కాబట్టి కొత్త ప్యాడ్‌కైనా, ఆఖరి పొరకైనా లివర్ కదలిక ఒకటే. దీన్ని గొప్ప సుగుణంగా అమ్ముతారు. "బిగించుకునే పనే లేదు" అంటారు. నిజమే, లేదు. మన చేతికి కబురు అందే దారి కూడా దాంతోపాటే పోయింది.

కొండ మీదికి తిరిగొద్దాం. మిగతా దిగుడులో సాఫీగా ఉన్న చోట ముందు బ్రేకుతో, మలుపుల్లో నడిచి వద్దామనుకున్నాను. తడి రోడ్డు మీద ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే చక్రం జారుతుంది. పైగా సైక్లింగ్ బూట్ల అడుగున ప్లాస్టిక్ బిళ్ళలుంటాయి, వాటితో తడి తారు మీద నడవడం పెద్ద సర్కస్. బూట్లు విప్పి హ్యాండిల్‌కు తగిలించి సాక్సులతో నడుస్తుంటే, పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్ మీద ఒక పెద్దాయన ఆగాడు.

"ఏమప్పా, పంచరా?"

"లేదు పెద్దాయనా, వెనక బ్రేకు పోయింది."

"ముందరిది ఉండాది కదా?"

"ఉంది గానీ అదీ అంతంతే."

కాసేపు చక్రం వైపు చూసి, "నువ్వు మెల్లిగా పో, నేను ఎనకాలే వస్తా. బస్సొస్తే నన్ను చూసి ఆగుతాది" అన్నాడు. హెడ్‌లైట్ వేసుకుని కొండ అడుగుదాకా నా వెనకాలే వచ్చాడు. పాలు ఆలస్యమవుతాయేమో అంటే, "పాలు యాడికి పోతాయి?" అన్నాడు.

మదనపల్లెలో సైకిల్ షాపుల్లో ఈ ప్యాడ్ దొరకలేదు, దొరుకుతుందని అనుకోలేదు కూడా. ఒక బైకు మెకానిక్ మాత్రం ఆసక్తిగా చూశాడు. ముందు లివర్ నొక్కి, "లివర్ బాగానే ఉండాది కదన్నా, బ్రేకు పడకపోవడమేంది?" అన్నాడు. అరిగిన ప్యాడ్ చూపిస్తే అర్థమైంది. ఆయిల్ మారుస్తానన్నాడు. వద్దన్నాను. నా బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్, బైకుల్లో పోసేది డాట్ ఫ్లూయిడ్. ఒకదానిలో ఒకటి పోస్తే సీళ్ళు పాడైపోతాయి. ఇది మాత్రం చిన్న ఊళ్ళలో రిపేరు చేయించుకునేవాళ్ళు గుర్తుంచుకోండి, ఎవరెంత ప్రేమగా పోస్తామన్నా సరే. తర్వాత అతను స్కూటర్ బ్రేకు షూకు లైనింగ్ అంటించినట్టు దీనికీ ఒక ముక్క కోసి అంటిస్తానన్నాడు. నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. కానీ ఆ సందులో మిల్లీమీటరు తేడా వచ్చినా చక్రం తిరగదు. చివరికి అతను చేసిన మేలు వేరు: బస్సులో వేయడానికి చక్రాలు ఊడదీస్తే, లివర్‌కు ఏదైనా తగిలి పిస్టన్లు బయటికి వచ్చేయకుండా అగ్గిపెట్టె అట్ట మడిచి ప్యాడ్ల సందులో దోపాడు. కొత్త సైకిల్‌తో పాటు ఇచ్చిన ప్లాస్టిక్ ముక్క చేసే పని అదే. ఆ ముక్క ఇంట్లో ఏ డబ్బాలో ఉందో నాకిప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చాక ఇంకో సంగతి బయటపడింది. వాన నీటికీ ఇసుకకూ త్వరగా అరిగేది జిగురుతో ముద్ద చేసిన రెసిన్ ప్యాడ్. లోహపు పొడితో చేసిన సింటర్డ్ ప్యాడ్ ఎక్కువ కాలం వస్తుంది, చప్పుడు మాత్రం ఎక్కువ. అది వేయిద్దామని చూస్తే, నా డిస్క్ మీదే చిన్న అక్షరాలతో రెసిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని చెక్కి ఉంది. సైకిల్ కంపెనీవాళ్ళు బ్రేకులు మంచివి పెట్టి డిస్కుల దగ్గర మిగుల్చుకున్నారన్నమాట. ఎలాగూ గాడి పడింది కాబట్టి వెనక డిస్క్ మార్చి, దానికి సింటర్డ్ వేయించాను. ముందు రెసినే ఉంచాను, ఆ మెత్తదనం నాకిష్టం. కొత్త ప్యాడ్లు వేశాక వెంటనే కొండకు పోకండి. ఖాళీ రోడ్డు మీద వేగం అందుకోవడం, ఆగేదాకా పోకుండా బ్రేకు పట్టి తగ్గించడం, ఇలా పాతిక ముప్పై సార్లు చేస్తేగాని పట్టు రాదు.

ఒక్క వేలు చాలని పైన రాశాను కదా. ఎండలో చాలు. తడిలో మొదటి క్షణం ఇవి కూడా కాస్త ఆలోచిస్తాయి, రిమ్ కంటే చాలా తక్కువే అనుకోండి. కీచు శబ్దానికి ఊరి కుక్కలు లేచి వెంటపడిన సందర్భాలూ ఉన్నాయి. చైన్‌కు కొట్టే స్ప్రే ఒక చుక్క డిస్క్ మీద పడిందంటే ఆ ప్యాడ్ పనైపోయినట్టే. బాల్కనీలో సైకిల్ కడిగే అపార్ట్‌మెంట్ మనుషులకు ఇది చిన్న విషయం కాదు.

ఇంతా తిట్టి మళ్ళీ కొంటావా అంటే, నేనైతే కొంటాను. నా బరువుకు, నేను పోయే కొండలకు మళ్ళీ రిమ్ బ్రేకుకు పోలేను. మా బావమరిది చెన్నైలో సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద మహాబలిపురం దాకా తొక్కుతాడు, దారి పొడుగునా దిగుడన్నదే లేదు. అతనికి మాత్రం వద్దనే చెప్పాను, ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోమన్నాను. మీరు 60 కిలోల మనిషై, ఏడాదికోసారి నందికి పోయేవాళ్ళైతే మీకూ అదే మాట. కొంటే గనక నెలకోసారి చక్రం విప్పి టార్చి వేసి ప్యాడ్ మందం చూడండి. అర మిల్లీమీటరు దగ్గరికొస్తే మార్చేయాలి. ఒక జత సీటు కింది సంచిలో పెట్టుకోండి, బరువేమీ ఉండదు. వెనక డిస్క్ సైజు కూడా అడిగి తీసుకోండి. చాలా రోడ్డు సైకిళ్ళకు 140 మిల్లీమీటర్లదే వస్తుంది, నాదీ అదే. ఈసారి అడాప్టర్ పెట్టించి 160 వేయించాను. మీ ఫ్రేమ్‌కు అది పడుతుందో లేదో షాపులో ముందే కనుక్కోండి.